చదివి వినిపించాలి

లా చదివే పిల్లలకి మొదటి సెమిస్టర్లోనే ఒక చిక్కొస్తుంది. కాలేజీలో ఇచ్చిన చిట్టాలో పదుల కొద్దీ కేసులుంటాయి. బేర్ యాక్టులు, వాటి మీద కామెంటరీలు వేరే. అన్నీ చదవడం ఎవరివల్లా కాదు. మరి ఏది ముఖ్యం? తాతల నాటి నుంచీ ప్లీడర్లున్న ఇంట్లో ఇది అసలు చిక్కే కాదు. అన్నం తింటా నాన్ననడిగితే చెప్పేస్తాడు. మా ఇంట్లో అడగడానికి నేనున్నాను. నేను సర్కారు బళ్లో సోషల్ మాస్టర్ని. మా వంశంలో డిగ్రీ కాయితం మొదట చూసింది నేనే. నా చెల్లి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బిలో చేరింది. పగలు క్లాసులు, సాయంత్రం పిల్లలకి ట్యూషన్లు. చదువుకోవడానికి రాత్రిపూట రెండు గంటలు దొరుకుతాయి. "ఆ రెండు గంటల్లో ఏది ముందు చదవాలో చెప్పన్నా" అంది.

మార్కుల కోసమైతే జవాబు తేలికే. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంటే సరిపోద్ది. కానీ ముఖ్యం అన్నప్పుడు ఎవరికి ముఖ్యం అన్న ప్రశ్న కూడా ఉంటుంది గదా. కాలేజీకా, కోర్టుకా, చదివే పిల్లకా, ఆ పిల్లని కన్న పల్లెకా? మొదటి తరం చదువుకున్నోళ్లకి ఈ నాలుగూ ఒకటి కావు. ఒకటయ్యుంటే ఈ వ్యాసమే రాసేవాణ్ణి కాదు.

కాలేజీ చెప్పే జవాబు కేశవానంద భారతి. 1973 ఏప్రిల్ 24న 13 మంది జడ్జీలు, 7-6 తేడాతో, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదన్నారు. గొప్ప తీర్పే. కాదనను. చెల్లి నోట్సు తీసి చూశాను. సిద్ధాంతం ఆరు పేజీలుంది. కేసు ఎట్లా మొదలైందో ఒక్క లైను. కాసరగోడు దగ్గర ఎడనీరు మఠం స్వామి, కేరళ భూసంస్కరణల చట్టం తన మఠం భూములకి తగులుతుందని కోర్టుకెళ్లాడు. అంతే. ఆ భూముల్లో నడుం వంచినోళ్లు ఎవరు, వాళ్ల పేర్లేంటి? నోట్సులో లేవు. భూమి ఉన్నవాడి పేరుతో కేసు నిలబడింది. భూమి లేనోడు పాఠంలోకి రాలేదు.

ఇంకో కేసు చూడండి. మద్రాసు ప్రభుత్వానికీ చంపకం దొరైరాజన్‌కీ నడిచిన కేసు, 1951. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి ఇది మన కేసు కూడా. అప్పటి కమ్యూనల్ జీవో ప్రకారం కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో 2 హరిజనులకి, 2 బ్రాహ్మణులకి, 6 బ్రాహ్మణేతర హిందువులకి, 2 వెనకబడిన హిందువులకి, 1 ముస్లిములకి, 1 ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ. ఆ జీవో చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో అదే ఏడాది మొదటి సవరణ తెచ్చి 15(4) చేర్చాల్సొచ్చింది. ఇదంతా క్లాసులో చెప్తారు. చెప్పని సంగతి ఒకటుంది. ఆ మెడికల్ కాలేజీ సీటుకి ఆమె అసలు దరఖాస్తే పెట్టలేదు. ఆ మాట తీర్పులోనే ఉంది. దరఖాస్తు పెట్టనామె గోడు సుప్రీంకోర్టు దాకా వినపడింది. దరఖాస్తు కొనడానికి డబ్బుల్లేని మావోళ్ల గోడు ఊరి పొలిమేర దాటలేదు.

అందుకని చెల్లికి నేను చెప్పిన మొదటి మాట: తీర్పులో సిద్ధాంతం కంటే ముందుండే వాస్తవాల భాగం చదవమని. ఎవరొచ్చారు, దేనికొచ్చారు, ఎవరు రాలేదు? పరీక్షకి పనికిరాదని పిల్లలు దాటేసే పేజీలు అవే. మన జనం ఉంటే గింటే ఆ పేజీల్లోనే ఉంటారు.

రెండో మాట ఇంకా కిందికి దిగి చెప్పాను. తీర్పు కంటే ముందు ఒక కాయితం ఉంటుంది. స్టేషన్లో రైటరు రాసే కాయితం. 1998లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, కూలి బాకీ అడిగినందుకు మా నాయనని కులం పేరు పెట్టి తిట్టి, చెర్నాకోలతో కొట్టారు. నాయన స్టేషన్‌కి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. రైటరు రాసుకున్నాడు. నాయన వేలిముద్ర వేశాడు. కొన్ని నెలలకి ఇంకో కాయితం ఇంటికొస్తే, పల్లెలో పదో తరగతి చదివిన మా పిన్నమ్మ కొడుకు దాన్ని చదివాడు. తాగి ఒకరినొకరు నెట్టుకున్నారని ఉంది. కులం మాట లేదు. చెర్నాకోల లేదు. కూలి బాకీ లేదు. నాయన వేలిముద్ర మాత్రం ఉంది. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. ఉండి మాత్రం ఏం లాభం? ఆ కాయితంలోకి కులం మాట ఎక్కకపోతే చట్టం మా గడపలోకి ఎట్లా వస్తుంది?

ఫిర్యాదు రాసుకున్నాక ఇచ్చినోడికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఈ మాట కొత్తది కాదు. తెల్లదొరల కాలంలో, 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 154వ సెక్షనులోనే ఉంది. 1973 కోడులోనూ అదే నంబరుతో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షను అయింది. ఆ కాయితం నకలు కూడా ఊరికే ఇవ్వాలని 1973 నుంచీ ఉంది. రాసిన నూరేళ్లకి కూడా ఆ చిన్న మాట మా నాయన చెవికి చేరలేదు. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు నాలుగో సెక్షన్లో ఇదే మాట మళ్లీ రాశారు. చదివి వినిపించడం ప్రభుత్వోద్యోగి బాధ్యత. కావాలని ఎగ్గొడితే ఆర్నెల్లకి తక్కువ కాకుండా ఏడాది దాకా జైలు. ఒక వాక్యాన్ని ఇన్నిసార్లు రాయాల్సొచ్చిందంటే దాన్ని ఎన్నిసార్లు తొక్కుంటారో మీరే ఆలోచించండి.

సర్కారు బళ్లో చదువు చెప్పేవాణ్ణి గనక నాకు ఈ సెక్షను వేరేగా కనపడుతుంది. మనం చదవకూడదని శాసించిన దేశంలో, మనకి చదివి వినిపించాలని చట్టంలో ఉన్న మాట ఇది. కాబట్టి ముందు చదవాల్సింది ఇదే అన్నాను.

చెల్లి ఊరుకోలేదు. "అంటే నన్ను అట్రాసిటీ కేసుల లాయర్ని చేస్తావా? ఎస్సీ పిల్ల కాబట్టి ఎస్సీ కేసులే చూడమని సీనియర్లు ఎట్లాగూ అంటారు. నువ్వూ అదేనా? కాంట్రాక్టులు, ఆస్తి బదిలీ, కంపెనీ చట్టం నాకు వద్దా? మన గాయాలేనా మన సిలబస్?"

నిజమే. ఈ ప్రశ్నకి ఎదురు నిలబడలేని జవాబు జవాబే కాదు. నేను చాలా రోజులు ఆలోచించాను. మహద్ చెరువు సంగతి గుర్తుకొచ్చింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేల మందితో చవదార్ చెరువు నీళ్లు తాగాడు. తర్వాత సవర్ణులు దావా వేశారు. బొంబాయి హైకోర్టులో 1937 మార్చి 17న మనం గెలిచాం. దేంతో గెలిచాం? మనుషులంతా సమానమన్న మాటతో కాదు. అనాదిగా వస్తున్న ఆచారం అని వాళ్లన్నది వాళ్లు రుజువు చేసుకోలేకపోయారు. చెరువు మునిసిపాలిటీదని తేలింది. ఆస్తి చట్టం, సాక్ష్యం, ఆచారం ఎప్పటిదన్న లెక్క. ఇవన్నీ గ్రేస్ ఇన్‌లో బారిస్టరీ చేసినాయన చేతిలో ఉన్నాయి కాబట్టి నీళ్లు మిగిలాయి. ఆయన గాయం ఒక్కటే చదువుకుని ఉంటే ఆ దావా ఏమయ్యేదో.

సాక్ష్యం దగ్గర ఓడిపోతే ఏమవుతుందో చుండూరు చెప్తుంది. 1991 ఆగస్టు 6న 8 మందిని చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న సాక్ష్యం నిలవలేదని హైకోర్టు అందర్నీ వదిలేసింది. చట్టం మనదే. కాయితమే మన చేతిలో లేదు.

కాబట్టి నా జవాబుని ఒక కొలతగా మార్చుకున్నాను. ఏ కాయితం మనం చదవకపోతే ఇంకొకడు మన బదులు చదివి, మన బదులు రాసి, మన వేలు పట్టి ముద్ర వేయిస్తాడో, ఆ కాయితం తాలూకు చట్టం ముందు చదవాలి. అది ఫిర్యాదు కావచ్చు, పొలం దస్తావేజు కావచ్చు, అప్పు నోటు కావచ్చు. ఈ కొలతలో ఆస్తి బదిలీ కూడా మనదే, కాంట్రాక్టూ మనదే. కేశవానంద కూడా మనదే, భూమి మీద పనిచేసినోళ్లెవరని అడుగుతా చదివితే.

ఇప్పుడు చెల్లి రాత్రిళ్లు ఆస్తి బదిలీ చట్టం చదువుతోంది. 173వ సెక్షను పది నిమిషాల్లో అయిపోయిందంటది. చట్టంగా చూస్తే పది నిమిషాలదే. ఏ స్టేషన్లోనో ఏ ముసలాయన ముందో నిలబడి, "అయ్యా, రాసింది ఆయనకి చదివి వినిపించండి" అనడానికి మాత్రం పది నిమిషాలు చాలవు. దానికి ఎన్నేళ్ల చదువు కావాలో నేను చెప్పలేను. లా చదువుతున్న మన పిల్లలు ఒక్కొక్కళ్లూ ఎవరికి వాళ్లు లెక్కేసుకోవాలి.