ప్రభువునందు నిద్రించిన స్నేహితుడు: సవర కొండల్లో ఒక వేదాంత ప్రశ్న

ఒకే సంఘంలో ఏళ్ల తరబడి పక్కపక్కన మోకరించిన ఇద్దరిలో ఒకరు కన్నుమూసినప్పుడు, మిగిలిన మనిషి ఆ పోయినవారితో ఇంకా మాట్లాడవచ్చా, లేక వారిని గురించి మాత్రమే మాట్లాడాలా అన్నది క్రైస్తవ వేదాంతంలో చాలా పాత ప్రశ్న. అయితే పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం మొదలుకొని సరిహద్దుకు అవతల ఒడిశాలోని గుణుపురం, సెరంగో దాకా పరచుకున్న సవర కొండల్లో దానిని పండితుల చర్చగా వదిలేయడానికి వీల్లేదు. ఎందుకంటే ఇక్కడి సవరలు మృతులతో నోరారా మాట్లాడటమే సంతాపమని ఎంచిన గిరిజన జాతి.

ఒడిశా వైపు సవర గ్రామాల్లో 1970ల నుంచి నివసిస్తూ అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ, 1993లో వెలువరించిన గ్రంథంలో ఆ ఆచారాన్ని సవివరంగా నమోదు చేశారు. శవదహనం తర్వాత జరిగే క్రతువుల్లో ఆవేశం పూనిన పూజారిణి నోట మృతుని సోనుం, అంటే చనిపోయాక కూడా బతికినవారిని తాకగల ఆత్మ, పలుకుతుంది. చుట్టూ కూర్చున్న బంధువులు దానితో ఏడుస్తారు, వాదిస్తారు, ఎలా చనిపోయావని ఆరా తీస్తారు, ఆస్తి తగాదాలు తేల్చుకుంటారు. గువార్ అనే క్రతువులో దున్నను బలి ఇచ్చి, మృతుని పేర వంశీకుల రాళ్ల వరుసలో ఒక రాయి నాటుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆత్మ బాధపెట్టడం మాని, కాపాడే పితరుడిగా మారి, చివరికి తన పేరును వంశంలో పుట్టిన బిడ్డకు ఇస్తుంది. ఆ తర్వాత అది కూడా మరణించి సీతాకోకచిలుక అవుతుందని సవరల నమ్మకం. దుఃఖం ఒక్కరోజులో తీరేది కాదని, చనిపోయినవారితో పేచీ కూడా ప్రేమలో భాగమేనని ఇంత స్పష్టంగా గుర్తించిన ఆచారాలు అరుదు.

1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషను, పర్లాకిమిడి మీదుగా ఈ కొండల్లోకి వచ్చింది. గిడుగు వెంకట రామమూర్తి జీవితకాలమంతా శ్రమించి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన సవర భాషలోనే కీర్తనలు, ప్రార్థనలు వినిపించసాగాయి. దహనం స్థానంలో భూస్థాపన, నిలువు రాయి స్థానంలో శిలువ గుర్తు వచ్చాయి. నవంబరు 2న మృతుల ఆత్మశాంతికి ప్రార్థించే కథోలికుల పద్ధతిని బాప్టిస్టులు అంగీకరించరు గనుక, మృతునితో సంభాషణ ఆగిపోవడమే గాక మృతుని కోసం చేసే ప్రార్థనకు కూడా చోటు లేకపోయింది. విటెబ్‌స్కీ సవరల గురించి 2017లో ప్రచురించిన మరో గ్రంథంలో ఈ మౌనం వల్ల సవర క్రైస్తవులు పొందిన ఊరటనూ, పోగొట్టుకున్నదానినీ రెంటినీ లెక్కలోకి తీసుకున్నారు.

ఆ మౌనం వాక్యం విధించినదేనా? థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు దుఃఖాన్ని నిషేధించలేదు, నిరీక్షణ లేని దుఃఖాన్ని మాత్రమే వద్దన్నాడు. లాజరును కాసేపట్లో లేపబోతున్న యేసు కూడా అతని కోసం కన్నీరు పెట్టాడని యోహాను సువార్త పదకొండో అధ్యాయం చెబుతుంది. అంతకంటే ఈ కొండలకు దగ్గరగా వచ్చే సాక్ష్యం ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీను (354–430) ఇచ్చినది. తన ఒప్పుకోళ్ల గ్రంథం నాలుగో భాగంలో ఆయన తగస్తే ఊరి మిత్రుణ్ణి తలుచుకుంటాడు. ఆ మిత్రుడు జ్వరంతో స్పృహ తప్పి ఉండగా బాప్తిస్మం పొందాడు. తేరుకున్నాక అగస్టీను దానిని ఎగతాళి చేస్తే గట్టిగా మందలించాడు. కొద్దిరోజులకే, అగస్టీను దగ్గర లేని సమయంలో చనిపోయాడు. ఇద్దరి మధ్య తెగని మాట తెగనట్టే ఉండిపోయింది. సవర గ్రామంలోనైతే దానిని పూజారిణి సమక్షంలో తేల్చుకునేవారు. అగస్టీనుకు ఆ దారి లేదు గనుక, ఇరవై ఏళ్లకు పైబడిన తర్వాత, మృతునితో కాక దేవునితో, చదివేవారందరూ వినేలా ఆ సంగతంతా చెప్పుకున్నాడు. మృతునితో మాట్లాడని క్రైస్తవ స్మరణకు సరైన రూపం ఇదే: బతికున్నవారు వింటుండగా దేవుని ఎదుట నిజం చెప్పడం.

సంఘంలో దీనికి సాక్ష్యం అన్న పేరు ముందే ఉంది. కాని భూస్థాపన తర్వాత జరిపే ఆదరణ కూడికలో, అంటే కుటుంబాన్ని ఓదార్చడానికి సంఘం సమకూడే ప్రార్థనలో, అది తరచు పొగడ్తగా కుదించుకుపోతుంది. పైగా పాత క్రతువులో దుఃఖించే హక్కు ప్రధానంగా వంశానికీ వియ్యానికీ చెందినది కాగా, సంఘం వంశాన్ని దాటిన సహవాసాన్ని సృష్టించింది. వరుస ఏదీ కలవకపోయినా ఒకే పాటల పుస్తకం పంచుకున్న స్నేహితుడు ఈ కొండల్లో కొత్తగా పుట్టిన బంధువు. ఆ స్నేహితుని దుఃఖానికి రాయి లేదు, దున్న లేదు, పేరు పెట్టుకునే మనవడూ లేడు. ఉన్నది సాక్ష్యం ఒక్కటే. దానిని కూడా రెండు నిమిషాల మర్యాదగా మార్చడం అన్యాయం.

కాబట్టి కురుపాం కొండల్లోని సంఘ పెద్దలూ పాస్టర్లూ ఆదరణ కూడికలో బంధువులతో పాటు స్నేహితునికీ చోటివ్వాలి. సవర మాట్లాడేవారిని సవరలోనే మాట్లాడనివ్వాలి. మిగిలిపోయిన అలకనూ, తీర్చని బాకీనీ, చెప్పలేకపోయిన క్షమాపణనూ మధ్యలో ఆపకుండా చివరిదాకా వినాలి.