విరిగిన రెక్క

చెరకు నరకుట ముగిసిన పిమ్మట, రుద్రూరులోని మా యింట జొన్నబెండు, వెదురుపుల్లలు, పలుచని కాగితముతో ఒక విమానపు నమూనాను కట్టుచుంటిమి. 1903లో రైట్ సోదరులు ఎగురవేసిన విమానపు రెక్కల పొడవు సుమారు 40 అడుగులు. అందులో 20వ వంతు గనుక మాది 2 అడుగులు. ప్రతి పుల్లను ఆ వంతుననే తగ్గింపవలెను.

బంక ఆరుటకు దానిని పీటమీద నుంచి రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చుంటిమి. కన్నులు తెరచునప్పటికి, రెండేండ్లయినను నిండని మా బిడ్డ ఒక రెక్కను పిడికిట పట్టుకొని నవ్వుచున్నది. ఆమేన్ అన్న నోటితోనే కసరితిమి. బిడ్డ తల్లి కొంగుచాటున దాగెను.

ప్రియులారా, దేనికొరకు కోపపడితిమి? బిడ్డకు తప్పనునది తెలియదు. అందునట్లు పెట్టినది మేమే. శ్రమ పోయెనందుమా, రెక్కను ఒక పూటలో మరల కట్టవచ్చును. నిజము చెప్పవలెనన్న, ఆదివారము ఆరాధనకు వచ్చువారికి చూపి మెప్పుపొంద గోరితిమి. మార్కు 10వ అధ్యాయములో బిడ్డలను తెచ్చినవారిని గద్దించిన శిష్యులును తాము మంచిపనియే చేయుచున్నామని తలంచియుందురు.

ఆ సోదరుల తండ్రి మిల్టన్ రైట్ బిషప్పు. 1878లో ఆయన రబ్బరు మెలికతో పైకెగురు బొమ్మ నొకటి యింటికి తెచ్చెను. అదియు బెండు, వెదురు, కాగితముతో చేసినదే! 11, 7 ఏండ్ల ఆ పిల్లలు అది విరుగువరకు ఆడి, పిదప తామే అట్టివి చేసికొనిరి.

మరునాడు బిడ్డను ఒడిలో నుంచుకొని క్రొత్త రెక్క కట్టితిమి. బంక పూయు పుల్ల దాని చేతనే యుండెను. ఆ రెక్క కొంచెము వంకరగా నున్నది.