తిరిగి అదే చోటికి చేరని మట్టి

చేసిన పని చేసిన క్షణంలోనే ముగిసిపోతుంది. దాని ఫలం ఎప్పటికో గానీ రాదు. ఆ రెంటి నడుమ కాలంలో ఆ పని ఎక్కడ ఉన్నట్టు? కృష్ణా తీరంలోని బౌద్ధులు ఈ ప్రశ్నను అంత తేలిగ్గా వదల్లేదు. కర్మ వేరు, కర్మ పోగుపడటం వేరు అనే వాదాన్ని థేరవాదుల పాళీ గ్రంథం కథావత్థు చర్చకు పెట్టి ఖండిస్తుంది. ఆ వాదం ఆంధకులదీ, సమ్మితీయులనే మరో శాఖదీ అని దాని వ్యాఖ్యానం చెబుతుంది. అమరావతి, నాగార్జునకొండల చుట్టూ విస్తరించిన శాఖలకే ఆంధకులని పేరు. వాళ్లలో అపరశైలీయుల పేరు నాగార్జునకొండ శాసనాల్లోనూ కనిపిస్తుంది. పోగుపడేదాన్ని వాళ్లు ఉపచయం అన్నారు. అది మనసును అంటిపెట్టుకుని ఉండదు, తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు అన్నారు. వాళ్ల మాటలో బలముందని నేను నమ్ముతున్నాను. అందుకు నాకు దొరికిన సాక్ష్యం మట్టి.

కనీసం రెండేళ్లపాటు సున్నా డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఉండిపోయిన నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. సైబీరియా, అలాస్కాల దాకా పోనక్కర్లేదు, మన లడాఖ్ ఎత్తుల్లోనూ ఉంది. దాని మీదున్న పొర మాత్రం వేసవిలో కరిగి, చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది గానీ, నేల పైకి లేవడానికి అసలు కారణం అది కాదు. గడ్డకడుతున్న పొర అడుగునున్న తడిని పైకి పీల్చుకుని మంచు పలకలుగా పేర్చుకుంటుంది. గడ్డకట్టినప్పుడు ఉబ్బకపోగా కుంచించుకుపోయే బెంజీన్‌తో తడిపినా మట్టి లేస్తుందని స్టీఫెన్ టేబర్ 1930 ప్రాంతంలో చూపించాడు. ఇక కొండవాలు మీది ఒక మట్టిరేణువును తీసుకోండి. నేల ఉబ్బినప్పుడు అది వాలుకు లంబంగా, అంటే కాస్త దిగువ వైపు ఒరిగి లేస్తుంది. మంచు కరగగానే దాని బరువు దాన్ని దాదాపు నిట్టనిలువుగా దించుతుంది. లేచిన దారి ఒకటి, దిగిన దారి మరొకటి. తేడా వెంట్రుకవాసి, అయినా రేణువు పాత చోటికి చేరదు. పైగా అడుగున నేల గడ్డకట్టి ఉండటంతో కరిగిన నీరు ఇంకే దారి లేక, నానిన మట్టి మెల్లగా జారుతుంది. స్వీడన్ భూవిజ్ఞాని గున్నార్ ఆండర్సన్ 1906లో ఈ జారుడుకు సాలిఫ్లక్షన్ అని పేరు పెట్టాడు. ఇదంతా కలిపినా చాలాచోట్ల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లో సెంటీమీటర్లో. వందల ఏళ్లు గడిచేసరికి కొండ పక్కంతా మెట్లుమెట్లుగా మారిపోతుంది.

ఆ రేణువులో వెతికితే నిరుటి చలికాలం దొరుకుతుందా? దొరకదు. అది ఏదీ దాచుకోలేదు, ఉన్న చోటు మారింది, అంతే. చోటు మారడమే అది పడిన కదలికలన్నిటి లెక్క. నాగార్జునుడు మూలమధ్యమకకారికల 17వ ప్రకరణంలో, కర్మ అప్పులాంటిదని, దానికి అప్పుపత్రంలా చెరగనిదొకటి నిలిచి ఉంటుందనే పక్షాన్ని ముందుంచి, చివరికి దాన్నీ ఒప్పుకోడు. కర్మకంటూ స్వభావమే లేదంటాడు. పత్రం అవసరం లేదన్నంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు. అయితే పత్రం లేకున్నా పోగు ఉంటుందని ఆ వాలు చూపిస్తోంది.

వాలు ఉంది కాబట్టి జారింది, చదును నేల సంగతేమిటని అడగవచ్చు. అందుకు జవాబు గుంటూరు రేగడిలోనే ఉంది. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ తడి చేస్తుంది. ఎండలకు చేను నెర్రెలిస్తుంది. పైనున్న పొడిమట్టి, పుల్లాపుడకా ఆ నెర్రెల్లోకి రాలతాయి. తొలకరికి రేగడి ఉబ్బి నెర్రె మూసుకోబోతుంది, కానీ లోపల రాలినది చోటు ఆక్రమించి ఉంటుంది. పట్టక మట్టి పక్కలకీ పైకీ నెట్టుకుంటుంది. ఆ ఒరిపిడికి లోపలి పెళ్లలు నున్నగా మెరుస్తాయి. గుంటూరు బ్రాడీపేట లైన్లలో ఇలాంటి నేల మీద పునాది లోతు చాలకుండా లేచిన పాత గోడల్ని చూడండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన బీట వానాకాలంలో సన్నబడుతుంది, పూర్తిగా మాత్రం కలవదు. సున్నం పొడి ఆ సందులో ఇరుక్కుని ఉంటుంది. వాలు లేకపోతే ప్రయాణం లేదు, నిజమే. కానీ మొదటి స్థితీ తిరిగి రాదు.

అసలు అభ్యంతరం ఇది కాదు. మట్టికి చేతన లేదు, చేతనే కర్మ అని బుద్ధుడే చెప్పాడు కదా, మరి ఈ సాక్ష్యం చెల్లుతుందా? చేతన అంటే సంకల్పం, అది చేసే పనికి చెందుతుంది. పోగుపడటానికి ఎవరి సంకల్పమూ అక్కర్లేదన్నదే ఆంధకుల పట్టు. తల్లిని కసిరిన కొడుకు సాయంత్రానికి పశ్చాత్తాపపడతాడు, ఆవిడా క్షమిస్తుంది. ఇద్దరి మనసుల్లోనూ కోపం మిగల్లేదు. అయినా మర్నాడు ఆవిడ మాట పెదవి దాకా వచ్చి ఆగుతుంది. అలా కావాలని ఇద్దరిలో ఎవరూ తలచలేదు. అలాగైతే ప్రాయశ్చిత్తం దండగేనా అంటే, కాదంటాను. పాత చోటికి చేరుస్తుందని ఆశించేవాళ్లకే అది దండగ. కొండ తన వాలును తాను మార్చుకోలేదు. మనిషి రేపు కసరబోయే ముందు ఒక క్షణం ఆగగలడు. ప్రాయశ్చిత్తం చేయవలసిన పని ఆ వాలు మీదే ఉంది.

ఒక్కచోట థేరవాదుల పక్షానికి నేను తలవంచుతాను. పోగుపడినదానికి మనసుతో ముడి లేకపోతే, దాని ఫలం చేసినవాడినే వెతుక్కుంటూ ఎందుకు రావాలి? మట్టి దగ్గర దీనికి సమాధానం లేదు. కదిలిన రేణువు దిగువనున్న దేన్నయినా కప్పేస్తుంది, అది ఎవరిదని అడగదు. కొడుకు కసిరినందుకు మాట దిగమింగుకున్నది కూడా తల్లే.