వెల తగ్గిన ప్రయాణము

ధ్యానభాగములు: అపొస్తలుల కార్యములు 27:9–13, లూకా 14:28, మార్కు 6:31



2024 నవంబరు మాసములో మన సంఘపు బిడ్డ యొకతె ఇంగ్లండు దేశములోని లెస్టరు పట్టణమునుండి నాకు ఉత్తరము వ్రాసెను. ఆమె అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త ఒక గోదాములో రాత్రివేళ పని చేయును. తొమ్మిదేండ్ల కుమారుడును ఆరేండ్ల కుమార్తెయు బడికి పోవుచున్నారు. ఆమె తల్లి మీరందరు ఎరిగిన పెద్దమ్మయే. ప్రతి ఆదివారము మొదటి గంట కొట్టకముందే మందిరమునకు వచ్చి ముందు చాపమీద కూర్చుండును. పేరు చెప్పకుండ ఈ సంగతిని సంఘమునకు తెలుపవచ్చునని ఆ బిడ్డ సెలవిచ్చినది గనుక, ఈ నెల ధ్యానమునకు దానినే తీసికొనుచున్నాను.

ఆమె వ్రాసినది ఇది: “అయ్యగారూ, రెండేండ్లనుండి మేము నలుగురము కలిసి ఒక దినమైనను తీరికగా కూర్చుండలేదు. జనవరిలో ఇక్కడ ఎనిమిది గంటలు దాటినగాని పొద్దు పొడవదు; సాయంకాలము నాలుగు దాటగానే చీకటి పడును. చీకటిలో పనికి పోయి చీకటిలో ఇంటికి వచ్చుచున్నాను. కుప్ర ద్వీపములోని పాఫు పట్టణమునకు జనవరిలో ఏడు రాత్రుల ప్యాకేజి ఒకటి చవకగా వచ్చినది. బడి సెలవులలో అడుగు వెలలో ఇది సగమే. అయితే పిల్లలు ఐదు దినములు బడి మానవలెను. జ్వరమని చెప్పి తీసికొనిపొమ్మని స్నేహితులు అనుచున్నారు. ఇంత వెల తగ్గుట దేవుడు తెరచిన ద్వారమని ఒక సహోదరి చెప్పినది. మేము పోవచ్చునా?”

ప్యాకేజి అనగా విమానపు కేవు, హోటలు గది, భోజనము అన్నియు ఒకే మూటగా కట్టి ఒకే వెలకు అమ్ముట. నేను ఈ ఉత్తరమును ఆమె తల్లికి చదివి వినిపించితిని. పెద్దమ్మ కొంతసేపు ఊరకుండి, “సముద్రము చూచుటకు అంత దూరము పోవలెనా అయ్యగారూ? మన సూర్యలంక లేదా?” అనెను. మరల కన్నులు తుడుచుకొని, “పోనీయండి, నా బిడ్డ అలసినది. నాట్లకు పోయిన కాలములో నాకెన్నడును విశ్రాంతి లేదు. దానికైనను ఉండనీయండి” అనెను. ఆ మాట విన్న తరువాత ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట నావలన కాలేదు.

మొదటి సంగతి: విశ్రాంతి పాపము కాదు.

వినోదయాత్ర యనగానే లోకసంబంధమని ముఖము ముడుచుకొనువారు మనలో ఉన్నారు. అయితే శిష్యులు సేవ చేసి అలసి తిరిగి వచ్చినప్పుడు, భోజనము చేయుటకైనను వారికి తీరిక లేనప్పుడు, ప్రభువు వారిని గద్దింపలేదు. జనులకు దూరముగా ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని తానే పిలిచెను. ద్వితీయోపదేశకాండము 5:14లో దాసునికిని దాసికిని, ఎద్దుకును గాడిదకునుకూడ విశ్రాంతి దినమున పాలు కలదు. ఎద్దునకు ఉన్న విశ్రాంతి నర్సునకు లేదనవచ్చునా?

ఇంకొక సంగతి వినుడి. ఇట్టి కూడిక ప్రయాణములకు పేరు తెచ్చిన థామస్ కుక్ అనునతడు బాప్తిస్టు సంఘస్థుడు, గ్రామములలో సువార్త చెప్పుచు తిరిగినవాడు. 1841 జూలై 5న అతడు సుమారు 500 మందిని తలకొక షిల్లింగు చొప్పున రైలుబండిలో మద్యనిషేధ సభకు తీసికొనిపోయెను. ఆ బండి బయలుదేరిన ఊరు ఈ లెస్టరే. చేరిన ఊరు లఫ్‌బరో. పేదవారుకూడ ఊరు కదిలి, త్రాగుడు లేని సంతోషము అనుభవింపవలెనని ఆయన కోరిక. కావున తక్కువ వెలకు ప్రయాణము చేయుట తనంతట తాను చెడ్డది కాదు.

రెండవ సంగతి: కూర్చుండి లెక్క చూచుకొనవలెను.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కింపవలెనని ప్రభువు చెప్పెను. వెల ఎందుకు తగ్గినదో మొదట అడుగవలెను. విమానము నిండినను నిండకపోయినను ఎగురవలసినదే. ఎగిరిన తరువాత ఖాళీ కుర్చీని ఎవరును కొనరు. హోటలు గదియు అంతే. గడచిన రాత్రిని మరల అమ్మలేరు. సాయంకాలము సంతలో మిగిలిన వంకాయలను అమ్మునట్లు, జనులు రాని కాలములో వారు వెల తగ్గింతురు. ఇందులో మోసము లేదు. చలికాలమున అక్కడ అనేక హోటళ్లు మూయబడి పనివారు ఇంటికి పోవుదురు. ఆ కాలములో పోయినవారివలన కొందరికి పని నిలుచును. ఇదియు ఒక మేలే.

అయితే ఆ తగ్గింపులో ఏమి వచ్చును, ఏమి రాదు? జనవరిలో పాఫు పట్టణమున పగటి వేడిమి సుమారు 17 డిగ్రీలు. లెస్టరులో సుమారు 7 డిగ్రీలు. పగలు పది గంటలు. లెస్టరులో ఎనిమిది గంటలు. వెలుగు దొరకుట నిజమే. కాని ఆ ద్వీపమున వర్షములు చలికాలముననే కురియును. సముద్రము చల్లగా నుండును. పిల్లలు దిగి ఆడుకొనుట కష్టము. కొన్ని అంగళ్లు మూసియుండును. ప్రకటనలోని బొమ్మ మాత్రము వేసవిలో తీసినదై యుండవచ్చును.

తరువాత, బొమ్మ క్రింద వ్రాయని ఖర్చులున్నవి. భారతదేశపు పాస్‌పోర్టుతో ఇంగ్లండులో నివసించువారు కుప్రకు పోవుటకు ముందుగా వీసా తీసికొనవలెను. పెట్టెలకు వేరు కేవు, విమానాశ్రయమునుండి హోటలునకు బండి, మధ్యాహ్న భోజనము, ప్రయాణపు ఇన్సూరెన్సు, ఇవన్నియు కలిపి చూడవలెను. అమ్మువాడు నిలుచునో లేదో అదియు చూడవలెను. థామస్ కుక్ పేరు పెట్టుకొన్న ఆ గొప్ప సంస్థయే 2019 సెప్టెంబరు 23న కూలిపోయెను. ఆనాడు సుమారు 1,50,000 మంది బ్రిటిషువారు పరదేశములలో ఉండిపోగా, ప్రభుత్వము విమానములు కుదిర్చి వారిని ఇంటికి చేర్చెను. ఆ దేశములో విమానముతో కూడిన ప్యాకేజి కొన్నవారికి అటోల్ అను రక్షణ పత్రము ఇయ్యవలెనని చట్టము కలదు. ఆ పత్రము లేనిదే డబ్బు కట్టవద్దని నేను ఆమెకు వ్రాసితిని. నూరేండ్ల పేరుకూడ పునాది కాదు.

మూడవ సంగతి: ఎవరి ఆలోచన వినుచున్నామో చూచుకొనవలెను.

మన ధ్యానభాగములో పౌలు ఎక్కిన ఓడయు కాలము మించిన ప్రయాణమే చేసెను. అంతకుముందు ఆ ప్రయాణములో పౌలు ఎక్కిన మొదటి ఓడ కుప్ర చాటుననే వచ్చినది. ఉపవాసదినము గడచిపోయెను, అనగా చలికాలము దగ్గరపడెను. ఆ దినములలో నవంబరునుండి మార్చివరకు ఆ సముద్రముమీద ఓడలు సాధారణముగా నడువవు. మంచిరేవులను చోట పౌలు వారిని హెచ్చరించెను. అయితే శతాధిపతి నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. ఎక్కువమంది పోదమనిరి. అంతలో దక్షిణపు గాలి మెత్తగా వీచినది. తమ కోరిక సిద్ధించినదని తలంచి లంగరెత్తిరి. తరువాత పెనుగాలి కొట్టినది. ఓడలోని 276 మంది ప్రాణములు దక్కినవి గాని ఓడయు సరకును పోయినవి.

ప్రియులారా, ఇప్పటి విమానమునకు ఆనాటి ఓడకున్న అపాయము లేదు. నేను చెప్పునది గాలివానను గూర్చి కాదు. వారు ఏ గురుతులను బట్టి నిశ్చయించుకొనిరో చూడుడి: అమ్ముకొనువాని మాట, ఎక్కువమంది మాట, అనుకూలమైన గాలి. ఈ మూడును మన సహోదరి ఉత్తరములో ఉన్నవి. ప్రకటన పిలుచుచున్నది, స్నేహితులు పొమ్మనుచున్నారు, వెల తగ్గినది. వెల తగ్గినంతమాత్రమున ద్వారము దేవుడు తెరచెనని చెప్పరాదు. ఆ ద్వారము దాటుటకు అబద్ధమాడవలసి వచ్చినయెడల అది ఆయన తెరచినది కాదు.

ఇంగ్లండులో 2024 ఆగస్టునుండి, అనుమతి లేక ఐదు దినములు బడి మానిపించినయెడల ఒక్కొక్క బిడ్డకు తల్లికిని తండ్రికిని వేరువేరుగా 80 పౌండ్ల జరిమానా వేయవచ్చును; 21 దినములలో కట్టనియెడల అది 160 అగును. ఇద్దరు బిడ్డలకు ఇద్దరు తలిదండ్రులు కట్టవలసినది 320 పౌండ్లు. కొందరు దీనినికూడ ప్రయాణపు ఖర్చులో కలుపుకొని పోవుదురు. కొందరు జ్వరమని చెప్పి తప్పించుకొందురు.

ఇక్కడ కుప్ర ద్వీపస్థుడైన బర్నబాను జ్ఞాపకము చేసికొనుడి. అతడు పొలము అమ్మి ఆ సొమ్ము అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. ఆ వెంటనే అననీయ సప్పీరాల సంగతి వ్రాయబడినది. పేతురు అననీయతో ఏమనెను? పొలము అమ్మకమునుపును అమ్మిన తరువాతను అది నీ వశముననే యుండెనుగదా అనెను. సొమ్ము ఉంచుకొనుట నేరము కాదు; అబద్ధమే నేరము. ఆలాగే ఆ సహోదరి కష్టపడి సంపాదించిన సొమ్ము ఆమెదే. దానితో ఏడు దినములు ఎండ కాచుకొన్నను దేవుడు కోపగించుకొనడు. కాని తొమ్మిదేండ్ల కుమారుడు, “మనము అబద్ధము చెప్పి వచ్చితిమి” అని ఎరిగినవాడై ఆ ఎండలో ఆడుకొనును. తిరిగి బడికి పోయి, జ్వరము ఎట్లున్నదని ఉపాధ్యాయురాలు అడిగినప్పుడు, ఉత్తరమియ్యవలసినవాడు వాడే. ఆ ఖర్చు ఏ ప్రకటనలోను వ్రాయబడలేదు.

మనము ఆమెమీద రాయి వేయకుందము. మూడేండ్ల క్రిందట బంధువుల పెండ్లికి పోవుటకై నేనే నా కుమారుని చేతికి సెలవు చీటి వ్రాసి యిచ్చితిని. అందులో జ్వరమని వ్రాసితిని. అందరు వ్రాయునదే గదా అనుకొంటిని. వాడు చదివి, “నాన్నా, నాకు జ్వరము లేదుగదా” అనెను. ప్రసంగపీఠమున నిలుచు నోటికి ఆ దినమున మాట రాలేదు. మిరపకాయల కోతలప్పుడు, ప్రత్తి తీయునప్పుడు, కూలి మిగులునని మన బిడ్డలను చేనికి తీసికొనిపోయి బడికి జ్వరమని చెప్పువారు మన సంఘములో లేరా? లెస్టరులోనైనను మన పల్లెలోనైనను ఆ చీటి ఒక్కటే.

నేను ఆమెకు ఇట్లు వ్రాసితిని: “అమ్మా, నీవు విశ్రాంతి తీసికొనవలసినదే. అది ప్రభువు మాట. అయితే జనవరి ప్రయాణమునకు ముందు ప్రధానోపాధ్యాయుని యొద్దకు పోయి ఉన్నది ఉన్నట్లు అడుగుము. ఆయన ఒప్పుకొనినయెడల సంతోషముగా పొమ్ము. ఒప్పుకొననియెడల ఆ వెలను వదలుకొనుము. వెలుగు కొరకు పోవుచు చీకటిని వెంట తీసికొనిపోవద్దు.”

ఆమె అడిగినది. అనుమతి దొరకలేదు. జనవరి టిక్కెట్టును వదలుకొనినది. ఆ చలికాలమంతయు ఆమెకు కష్టముగానే గడచినది. ఒకటి రెండు సారులు ఫోనులో ఏడ్చినది. నా ఆలోచన కఠినమైనదేమో అని నేనును కలతపడితిని. ఇంతలో ఆమెతో పని చేయు ఒక స్త్రీ తన సెలవు వారమును ఆమెకు మార్చి యిచ్చినది. 2025 మే నెలాఖరున బడికి సెలవులుండగా వారు పాఫునకు పోయిరి. వెల ఎక్కువ గనుక ఏడు రాత్రులకు బదులు నాలుగే. అధిపతియైన సెర్గి పౌలు విశ్వసించిన ఊరు అదేనని కుమారునికి అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయము చదివి వినిపించితినని ఆమె వ్రాసినది. ఉత్తరము చివర ఒక మాట కలదు: “అయ్యగారూ, మొదటి దినమంతయు నేను నిద్రపోతిని. లేచి చూచునప్పటికి పిల్లలు ఇసుకలో ఆడుకొనుచుండిరి. ఎవరికిని ఏమియు దాచవలసిన పని లేకపోయెను.”

ఈ మాటను పెద్దమ్మకు చదివితిని. “నిద్రపోయినదా? అది చాలును” అనెను.

ప్రియులారా, అలసినవారు మీ యింటిలో ఎవరో చూడుడి. వంట చేయు చేతికి ఒక పూటయైనను విశ్రాంతి యియ్యుడి. చవకయని వచ్చిన ప్రతిదానిని ప్రభువు సన్నిధిని పెట్టి లెక్క చూచుకొనుడి. మన బిడ్డల చేతికి అబద్ధపు చీటి ఇయ్యకుందుము గాక.

ప్రార్థన: అలసినవారిని పిలుచు ప్రభువా, మా పనిలోను మా విశ్రాంతిలోను మమ్మును సత్యవంతులనుగా ఉంచుము. దూరదేశములలో కష్టపడుచున్న మా బిడ్డలకు వెలుగును నెమ్మదిని దయచేయుము. ఆమేన్.