కట్టుబట్టయు దాసోహమును

దేహమును కప్పుటకు వస్త్రము కావలయును. ఈ మాటను కాదనువారెవ్వరును లేరు. ఎంత కావలయును, ఎవరి శ్రమచే వచ్చినది కావలయును, కట్టి విడిచిన పిమ్మట అది యెచ్చటికి పోవును అను ప్రశ్నలకు మాత్రము సమాధానము అంత సులభము కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణపు శరణులు అన్నమును గూర్చియు ధనమును గూర్చియు తమ్ము తాము ప్రశ్నించుకొనిరి. అదే ప్రశ్నను బట్టను గూర్చి అడుగవలసిన కాలము నేడు వచ్చినది.

సంగారెడ్డి నుండి నర్సాపూరునకు పోవు దారిలో హత్నూర కలదు. 2016వ సంవత్సరము వరకు ఇది మెదకు జిల్లాలోనిది. మండలమున ఒక ప్రక్క పత్తిచేలు. మరియొక ప్రక్క బోర్పట్ల, గుండ్ల మాచునూరు గ్రామముల చెంత ఔషధ రసాయన కర్మాగారములు. ఇట్టి చోట ఒక యింటిలోనే మూడు తరముల వస్త్రచరిత్ర కనబడుచుండును. తాత భుజముపై నల్లని గొంగడి. తండ్రి పండించునది పత్తి, కట్టునది మాత్రము పాలిస్టరు కలిసిన పంచె. కుమారుడు జీన్సు ప్యాంటు తొడిగి కంపెనీ బస్సెక్కి షిఫ్టునకు పోవును. ఇక ఆ యింటి యిల్లాలి బీరువా తెరచినచో క్రింది అరలో మడత విప్పని చీరలు పది పదునైదు కనబడును. అవి ఆమె కొన్నవి కావు, కట్టునవియు కావు. అవి పెట్టుబడి చీరలు.

పెట్టుబడి చీర అనునది అంగడివారి వాడుకమాట. కట్టుకొనుటకు కాక పెట్టుటకు మాత్రమే కొను చీర యని దీని భావము. పెండ్లి, గృహప్రవేశము, ఒడిబియ్యము, పురుడు — ఏ శుభకార్యమునకైనను వచ్చిన బంధువులకు బట్టలు పెట్టుట తెలంగాణ గ్రామములందు గౌరవచిహ్నము. పెట్టకున్నచో మాట వచ్చును. అందుచేత కార్యము చేయువారు సూరతు నుండి వచ్చు చౌక కృత్రిమపు నూలు చీరలను కట్టలు కట్టలుగా కొనితెత్తురు. పుచ్చుకొన్నామె దానిని బీరువాలో నుంచి తన యింటి కార్యమున మరియొకతెకు పెట్టును. ఆమె ఇంకొకతెకు. రవికగుడ్డల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్కొక్క గుడ్డ కుట్టుమిషను మొగము చూడకయే ఊరంతయు తిరిగి, కొన్ని సమయములందు మొదట పెట్టిన యిల్లాలి చేతికే తిరిగి వచ్చుచుండును. నవ్వుకొనదగిన విషయమే కాని, ఇందొక ధర్మసందేహము దాగియున్నది. ఎవ్వరును కట్టని వస్త్రమును ఇచ్చుట ఇచ్చుటయేనా?

శరణుల భాషలో దానము వేరు, దాసోహము వేరు. దానమున ఇచ్చువాడు పైన నుండును, పుచ్చుకొనువాడు క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. తన కాయకమువలన వచ్చినదానిలో తన అవసరము తీరగా మిగిలినది సమాజరూపమున నున్న జంగమునిదే యని తలచి సమర్పించుట దాసోహము. అందు పుచ్చుకొనువాని అవసరమే ప్రధానము. పెట్టుబడి చీర విషయమున పుచ్చుకొనునామె అవసరమును ఎవ్వరును తలపరు. ఆమెకు నచ్చునా, కట్టునా అని అడుగరు. పెట్టితిమను మాట నిలిచినచో చాలును. అప్పుచేసి పెట్టువారును కలరు. అది దాసోహము కాదు సరికదా, దానము కూడ కాదు. లోకభయమునకు చెల్లించు సుంకమనిన సరిపోవును.

జేడర దాసయ్య కథ ఇచ్చట స్మరింపదగినది. ఆయన నేతపని కాయకముగా గల శివభక్తుడు, బసవేశ్వరునికంటె పూర్వుడు. ఎంతయో శ్రమించి నేసిన మేలైన వస్త్రమును అంగడికి కొనిపోగా దానికి తగిన వెల ఇచ్చువారు లేకపోయిరి. తిరిగి వచ్చు దారిలో ఒక జంగముడు అడిగెను. దాసయ్య ఇచ్చివేసెను. ఆ జంగముడు కన్నుల ముందరనే ఆ వస్త్రమును ముక్కలుగా చించినను దాసయ్య మనస్సు కలగలేదని పురాణకథ చెప్పును. ఇచ్చినది తన చేతిపనులలో మేలైనది. ఇచ్చిన పిదప దానిపై తనకు అధికారము లేదు. చేతికి వచ్చినవానిలో చౌకయైనదానిని ఏరి ఇచ్చు నేటి వాడుకను ఆ మగ్గము ప్రక్కన నిలిపి చూచినచో భేదము తెలియగలదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము మరింత సూటియైనది. నేల రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితోనే వండి జంగములకు పెట్టుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ యాశ యెక్కడిది, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మందలించి పంపెను. గమనింపవలసిన దేమనగా, మారయ్య దొంగిలింపలేదు. ఎవరి నోటి ముందరిది లాగలేదు. తన చేతులతో ఏరినదే తెచ్చెను. ఐనను లక్కమ్మకు అది దోషముగనే తోచెను. నేటి అవసరమునకు మించినది ఇంటిలోనికి వచ్చుటయే ఆమె దృష్టిలో కాయకమునకు చెఱుపు. ఈ కొలతతో బీరువాలను కొలిచినచో సుఖముగా నిదురపోగలవారు కొలదిమందియే యుందురు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. అందరును లక్కమ్మవలె నుండినచో నేతగాని గతి యేమి? 2016 వరకు ఇదే మెదకు జిల్లాలో నుండిన సిద్దిపేటలో గొల్లభామ చీర నేయువారు కలరు. తలపై చల్లకుండ మోయు గొల్లభామ బొమ్మను మగ్గముపైననే తీర్చు ఆ నేతకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక్క చీరకు ఎన్నియో దినములు పట్టును. కొనువారు తగ్గినచో ఆ కాయకమే అంతరించును. ఈ ఆక్షేపణ నిజమే. కాని నేతగానికి అన్నము లేకుండ చేసినది మితముగా కొను గృహిణి కాదు. ఒక గొల్లభామ చీర వెలకు అనేకములైన పెట్టుబడి చీరలు వచ్చును. ఆ కట్ట కొనుటకు మాఱుగా ఆ యొక్క చీరను కొని, కట్టవలసినవారికి పెట్టినచో డబ్బు అంతయే, నేతగానికి చేరునది వేరు. వస్త్రములు తగ్గినంతమాత్రమున కాయకము తగ్గదు. ఒక్కొక్క దినుసులో కాయకము పెరుగవచ్చును.

రెండవ ఆక్షేపణ పేదలనుండి వచ్చునది. దీనిని త్రోసివేయుట తగదు. పాలిస్టరు చీర చౌక. ఉదికిన గంటలో ఆఱును. గంజి అక్కరలేదు, ఇస్త్రీ అక్కరలేదు. తెల్లవారక మునుపే వంటచేసి పత్తిచేనికో కంపెనీకో పోవలసిన స్త్రీకి నూలుచీరను గంజిపెట్టి ఆఱవేయు తీరిక యెక్కడిది? ప్రకృతికి హితమైన వస్త్రమని పేరుపెట్టి నగరములందలి అంగళ్లలో అమ్ము వస్త్రములు ఆమె నెలకూలిలో ఎంతభాగమును మ్రింగునో అందరెఱిగినదే. కలవాడు ఖద్దరు కట్టి లేనివాని టెరిలిను చొక్కాను నిందించుట ధర్మము కాదు. అంతియేకాదు, బీరువాలో నలువది చీరలుండగా ప్రకృతిసిద్ధమైన రంగుల పేరిట నలువదియొకటవ దానిని కొనునామె చేసినది లక్కమ్మ మెచ్చు పని కాజాలదు. కావున నియమము కలవారితోనే ఆరంభము కావలయును, పేదలపై పెట్టరాదు.

ప్రకృతిసిద్ధమను మాటను గూర్చియు కొంత విచారింపవలసియున్నది. పూర్వము రంగులు చెట్లనుండి వచ్చెడివి. నీలిమొక్క నుండి నీలము, చిరువేరు నుండి ఎరుపు, కరక్కాయ, దానిమ్మతొక్క, మోదుగుపూవు — వీనికి పటిక మున్నగునవి తోడై నూలునకు రంగు పట్టెడిది. జంగమస్వాముల కావివస్త్రమునకు ఎర్రమన్నే రంగు. 1856లో ఇంగ్లండున పదునెనిమిదేండ్ల పెర్కిను అను విద్యార్థి మలేరియాకు మందగు క్వినైనును ప్రయోగశాలలో చేయబోగా, మందు రాలేదు, ఊదారంగు వచ్చినది. రసాయనపు రంగులకు అదియే నాంది. 1897 నాటికి జర్మనీ కంపెనీ చేసిన నీలము అంగడికి వచ్చినది; ఆ పిమ్మట మన కడప, నెల్లూరు సీమలందలి నీలిసాగు క్షీణించినది. మందును వెదకబోయినవానికి రంగు దొరికెను. అటుపిమ్మట రంగుల రసాయనశాస్త్రమునుండియే అనేకములైన మందులును పుట్టినవి. మందును రంగును ఒకే కొలిమిలోని కవలపిల్లలు. కాలుష్యమును రెంటికిని ఉమ్మడి ఆస్తియే.

దాని రూపము పటాన్‌చెరు ప్రాంతమువారికి ఎవరును వర్ణించి చెప్పనక్కరలేదు. అచ్చటి కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగులో కలిసి మంజీరను చేరిన సంగతి 1990లో సుప్రీంకోర్టు ముందునకు పోయినది. 2007లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, అచ్చటి శుద్ధికర్మాగారమునుండి బయటకు వచ్చు నీటిలో ఒక యాంటీబయాటిక్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినదని స్వీడను శాస్త్రజ్ఞులు వ్రాసిరి. రంగుల విషయమున తమిళనాట తిరుప్పూరున జరిగినదియు ఇట్టిదే. నొయ్యల్ నదిని పాడుచేసిన అద్దకపు కర్మాగారములను 2011లో మద్రాసు హైకోర్టు మూయించినది. చవుకగా వచ్చిన చొక్కా వెలలో నది వెల చేరలేదు. ఆ బాకీని నది యొడ్డున నున్న రైతు తీర్చెను. వాగునీరు చెడినచోట చాకిరేవు నిలువదు. మడివాళ మాచయ్య కాయకమునకు మూలము నీరే గదా. ఆ నీటినే చెఱచు వస్త్రము ఎంత తెల్లగా ఉదికినను శుభ్రమైనదనుట యెట్లు?

అట్లని చెట్టు రంగు పుణ్యము, రసాయనపు రంగు పాపము అని తీర్పు చెప్పుట తొందరపాటు. వంగదేశమున నీలి రైతులు తెల్లదొరల బలవంతమునకు తాళలేక 1859లో తిరుగబడిరి. చంపారనులో ఆ బాధయే 1917లో గాంధీమహాత్ముని రప్పించినది. ఆ నీలము స్వచ్ఛముగా మొక్కనుండి వచ్చినదే. మట్టికి హాని చేయలేదేమో కాని మనుష్యుని పీడించినది. పత్తి విషయమును అట్టిదే. ఒక నూలుచొక్కాకు 2,700 లీటర్ల నీరు పట్టునని ప్రపంచపు సగటు లెక్కను పలువురు ఉదాహరింతురు. తెలంగాణమున పత్తి చాలవరకు వానపై ఆధారపడిన పంట గనుక ఆ లెక్క ఇచ్చటికి యథాతథముగా వర్తింపదు. ఇచ్చట పత్తి దోషము నీటిలో కంటె పురుగుమందులోను, విత్తనపు టప్పులోను ఉన్నది. నూలు అనగానే నిర్దోషమని అనుకొనుటకు వీలులేదు.

శరణచరిత్రలో వస్త్రధారణను గూర్చిన పరమసత్యము హరళయ్య కథలో కలదు. చెప్పులు కుట్టు ఆ భక్తుడును అతని భార్య కల్యాణమ్మయు బసవేశ్వరుని యందలి గౌరవముచేత తమ తొడల చర్మముతో పాదరక్షలు చేసి తెచ్చిరి. బసవేశ్వరుడు వానిని తొడుగలేదు. తాను దానికి తగనని శిరస్సున దాల్చెను. ఈ కథను భక్తికి నిదర్శనముగా చెప్పుకొనుటయే ఆచారము. అంతకుమించి, దేహమున ధరించు ప్రతి వస్తువునందును మరియొకని చర్మము కొంత యుండునని ఇది చెప్పుచున్నది. 2013 ఏప్రిలు 24న బంగ్లాదేశమున రాణాప్లాజా భవనము కూలి 1,134 మంది మరణించిరి. వారిలో అత్యధికులు విదేశీ అంగళ్లకు చౌకబట్టలు కుట్టు కార్మికులు. ముందునాడే గోడలు బీటలువారినవి. ఐనను పనిలోనికి పిలువబడిరి. హరళయ్య తన చర్మమును ఇష్టపడి యిచ్చెను. వీరి నెవ్వరును అడుగలేదు. బసవేశ్వరునికి తెలిసినది, నేటి కొనుగోలుదారునకు తెలియనిది అదియే: తన పాదముల క్రింద నున్నది ఎవరిదను విషయము.

ఇన్ని ప్రశ్నల నడుమ తాతగారి గొంగడి మాత్రము నిశ్చింతగా కూర్చున్నది. దక్కను గొర్రెల నల్లని ఉన్ని, రంగు వేయనక్కరలేదు. కురుమ స్త్రీలు వడికెదరు, పురుషులు గుంతమగ్గముపై నేయుదురు, చింతగింజల గంజి పట్టింతురు. వానకు గొడుగు, చలికి దుప్పటి, పంచాయతికి ఆసనము, పొలమున పడక. ఒకటి కొన్నచో దశాబ్దములు నిలుచును. కొంచెము గుచ్చుకొనును, వానలో తడిసినప్పుడు వాసనయు వచ్చును. ఆ మాట దాచనక్కరలేదు. మాంసమునకు పనికివచ్చు ఉన్నిలేని జాతులు పెరిగిన కొలది ఉన్నియు తగ్గినది, నేయువారును తగ్గిరి. మనుమడు దానిని భుజముపై వేసికొని కంపెనీ బస్సెక్కడు. ఎక్కుమనుటయు న్యాయము కాదు. కాని ఒక్క వస్త్రము ఎన్ని పనులకు, ఎన్ని యేండ్లకు చాలునో అతడు ఇంటిలోనే చూచుచున్నాడు.

ఆ యింటి యిల్లాలును అట్టిదానినే చేయుచున్నది. చినిగిన చీరలను పారవేయదు. పొరలు పొరలుగా పేర్చి చుట్టును అంచులు మడిచి బొంత కుట్టును. అత్తగారి నూలుచీర, తన పెండ్లినాటి చీర, బిడ్డ లంగా — మూడు తరములు ఒక పడకపై చేరును. ఇటీవల పెట్టుబడి చీరలతోను బొంతలు కుట్టుచున్నారు. అవి చిరకాలము చినుగవు, రంగు వెలియదు. ఐనను వేసవిలో చెమట పీల్చవు. పండుకొన్నవాని క్రిందనుండి జారిపోవుచుండును. అందుచేత బొంత కుట్టు స్త్రీలు పైపొరకు మెఱయు చీరనే వేసినను, లోపలి పొరలకు మాత్రము ఇప్పటికిని పాత నూలుచీరలనే వెదకుచుందురు.