గది చిన్నది, తొట్టి పెద్దది

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ ఉంది. నౌకాదళం కోసం విమానంలో సర్వే చేస్తుండగా కంటపడిన బౌద్ధారామం ఇది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా ఇక్కడ తవ్వకాలు జరిపింది. వెంట వచ్చిన గైడ్ మహాస్తూపం గురించే ఎక్కువగా చెప్పాడు. నన్ను ఆపింది మాత్రం భిక్షువుల గదులు.

అవి 72. ఇప్పుడు మిగిలినవి పొట్టి గోడలే అయినా లోపల చోటెంతో తెలుస్తుంది. మంచం వేస్తే పక్కన నిలబడడానికి కాస్త జాగా మిగులుతుంది, అంతే. అందులో ఉండేవాడికి భిక్షువుల వినయ నియమావళి అనుమతించిన సొంత వస్తువులు ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ. సూదిని కూడా లెక్కలో పెట్టారంటే, చిరిగినదాన్ని ముందు కుట్టుకోవాలనే కదా!

గడప దాటితే లెక్క మారిపోతుంది. స్తంభాల మండపం, వంటశాల, భోజనశాల, రాళ్లు పరిచిన బాటలు, బండలో తొలిచిన నీటి తొట్లు అన్నీ అందరివీ. వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరుగుడు మాని ఒకచోట ఉండాలి. కొండ మీద కురిసిన ఆ వానే తొట్లలో నిలిచేది. ఇక్కడ దొరికిన రోమన్ వెండి నాణేలను బట్టి కింది లోకంతోనూ రాకపోకలున్నాయని తెలుస్తుంది. తక్కువతో బతకడం వేరు, ఒంటరిగా బతకడం వేరు. వాళ్లు మొదటిదే ఎంచుకున్నారు.

మేముండే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఈ లెక్క తిరగబడింది. కుతుబ్‌షాహీల నాటి చెరువు పోయి ఆ చోట చాచా నెహ్రూ పార్కు వచ్చింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు. ఫ్లాట్లో మూడు పడకగదులు, అటక నిండా ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన సామాను. కింద సంపు ఎండితే మాత్రం ట్యాంకరుకు ఫోను చేయాల్సిందే. మెట్ల మీద బల్బు మాడిపోతే, మార్చాల్సింది ఎవరన్న మాట తేలడానికే వారం పడుతుంది. గుమ్మం లోపల అంత పొందిక, బయట అంత ఉదాసీనత!

ఉమ్మడి సొత్తు దానంతటది నిలవదు. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపమే కూలింది, తర్వాత మళ్లీ కట్టారు. చూసుకునేవాళ్లుంటేనే ఏదైనా మిగిలేది.

సన్యసించమని ఎవరూ అడగడం లేదు. ఇంట్లో మరో అలమారా చేయించే ముందు ఆ మెట్ల మీద బల్బు మార్పించండి. ఈసారి అసోసియేషన్ మీటింగుకు వెళ్లండి. ఇంకుడు గుంత పూడిక తీయించే మాట మీరే ఎత్తండి, మీ వాటా ముందు మీరే ఇవ్వండి.