నా జుట్టు, అమ్మ మొక్కు

మా స్నానాలగదిలో అద్దం కింద అరలో ఆరు సీసాలున్నాయి. వాటిలో నాలుగింటి మీద 'నేచురల్' అని రాసి ఉంది. ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున్న తడి తలతో నిలబడి వాటిని లెక్కపెడుతుంటే నవ్వొచ్చింది. స్త్రీకి సిగ్గు సహజం, ఓర్పు సహజం, మాతృత్వం సహజం అన్నవాళ్ళతోనే కదా మన పేచీ అంతా. ఆ మాట ఎక్కడ కనబడినా ఆగి, ఎవరికి సహజం, ఎప్పటినుంచి సహజం అని అడగడం నేర్చుకున్నాం. మరి నా తల మీది వెంట్రుకల దగ్గరికొచ్చేసరికి నేనే ఆ మాటని ఇంత ఇష్టంగా డబ్బు పెట్టి కొనుక్కుంటున్నానేమిటి?

నాది నొక్కుల జుట్టు. చిన్నప్పుడు ఆదివారాలు అమ్మ తలంటి పోసి, సాంబ్రాణి పొగ పట్టి, వెనక అరుగు మీద తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని చిక్కు తీసేది. ఆ చిక్కు తీయడం ఒక యుద్ధం. నేను ఏడ్చేదాన్ని, అమ్మ విసుక్కునేది, మా నానమ్మ మడి గదిలోంచి "నొక్కుల జుట్టుది, మొండిది" అని తీర్పు చెప్పేది. చివరికి ఇంత నూనె రాసి, కణతలు లాగేలా రెండు జడలు బిగించి, మడిచి రిబ్బన్లు కడితే యుద్ధం ముగిసేది. సోమవారం స్కూలుకి సాపు తలతో వెళ్ళేదాన్ని. సాయంత్రానికి చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు లేచి మెలి తిరిగేవి.

2016లో పీహెచ్‌డీ చివర్లో, ఉద్యోగాల ఇంటర్వ్యూలకి వెళ్ళబోయే ముందు, ఒక పార్లర్లో స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నాను. వెంట్రుకలోని కెరటిన్ పోగుల్ని గంధకపు బంధాలు ఒకదానికొకటి పట్టి ఉంచుతాయి. నొక్కు నిలబడడంలో వాటి పాత్ర పెద్దది. ఒక మందు పూసి ఆ బంధాల్ని తెంచుతారు, కాలే ఇస్త్రీ పలకల మధ్య జుట్టుని సాపు చేస్తారు, రెండో మందుతో ఆ సాపు ఆకారంలోనే బంధాలు మళ్ళీ కలిసేలా చేస్తారు. ఇదంతా తర్వాత చదువుకున్నాను. ఆ రోజు నాకు తెలిసిందల్లా ఐదు గంటల కళ్ళమంట, చెవి పైన చిన్న కాలిన మచ్చ. అద్దంలో మాత్రం ఒక లెక్చరర్ కనిపించింది. అమ్మ చేత్తో తడిమి "పట్టుకుచ్చులా ఉందే" అంది. ఆ మాట కోసం, తొమ్మిది నెలలకోసారి చొప్పున మూడేళ్ళకి పైగా ఆ కుర్చీలో కూర్చున్నాను.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మన కావ్యాల్లో నాయికని కుటిల కుంతల అనడం పొగడ్త. అదే 'కుటిల' మనసుకి తగిలిస్తే తిట్టు. నుదుటి మీద పడే నాలుగు ముంగురులు మెలి తిరిగితే కవులకి అందం. తలంతా మెలి తిరిగితే మాత్రం నానమ్మ అన్నదే నిజం. వంకరకి ఎంతమేరకు అనుమతి ఉందో ఆ నాలుగు ముంగురులే చెబుతాయి.

నేను మళ్ళీ నొక్కుల జుట్టుకి రావడం వెనక గొప్ప నిర్ణయం ఏదీ లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పార్లర్లు మూతపడ్డాయి. నెలకి అరంగుళం చొప్పున కుదుళ్ళ దగ్గర పాత జుట్టు పెరగసాగింది. పైన మెలికలు, కింద చీపురు. రెండూ కలిసే చోట దువ్వెన పెడితే పుటుక్కున తెగేవి. ఏడాది దాటాక ఒక రాత్రి అమ్మ కుట్టుమిషను కత్తెర తీసుకుని కింది భాగమంతా నేనే కత్తిరించేసుకున్నాను. చెవుల దాకా మిగిలింది. పొద్దున్న చూసి అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అడిగింది, "చెప్పకుండా తీసేసుకున్నావేం?" అని. నేను గర్వంగా అన్నాను: "నా జుట్టు, నా ఇష్టం."

ఆ మాట గుర్తు పెట్టుకోండి, అది నాకు తిరిగి తగిలింది.

తర్వాత మొదలైంది అసలు పని. ఈ జుట్టుని ఎలా చూసుకోవాలో నాకు తెలియదు, ఎందుకంటే దాన్ని అణచడమే తప్ప చూసుకోవడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కుంకుడుకాయే సహజమని మొదలుపెట్టాను. నురగ బాగా వచ్చింది, జిడ్డు పూర్తిగా పోయింది, జుట్టు కొబ్బరిపీచైంది. నొక్కుల జుట్టుకి తల మీది జిడ్డు చివరిదాకా జారదు, దానికి ఆ కాస్త జిడ్డూ కావాలి. అందుకని కుంకుడు రసంలో మందారాకుల జిగురు కలిపాను. పొడిగా ఉన్నప్పుడు దువ్వెన ముట్టుకోవడం మానేశాను. తడిగా ఉండగా, కండిషనర్ రాసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి. అవిసె గింజలు ఉడికించి, పాత వాయిల్ చీర ముక్కలో వేడిమీదే వడకట్టాలి. చల్లారనిచ్చామా, ఇక బట్టలోంచి దిగదు. ఆ జిగురుని గుప్పిట్లో జుట్టు నలుపుతూ పట్టించాలి. తువ్వాలు పనికిరాదు, నాన్నగారి పాత లుంగీ కావాలి. రాత్రి దిండు మీద చిరిగిన పట్టుచీర గుడ్డ. ఇంత చేసినా జూన్‌లో తణుకు ఉక్కపోతకి తల గొడుగులా విచ్చుకుంటుంది.

మొత్తం రెండున్నర గంటలు. స్ట్రెయిటెనింగ్‌కి ఏడాదిలో పట్టే సమయం ఇప్పుడు నెల తిరక్కుండానే అయిపోతోంది. అలా పరాధీనంలోంచి స్వేచ్ఛలోకి వచ్చి నేను ఆదివారాలన్నీ పోగొట్టుకున్నాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ రెండున్నర గంటలూ నా వేళ్ళు నా తలని కనిపెట్టుకుని ఉంటాయి. అమ్మ మోకాళ్ళ మధ్యనుంచి లేచాక అంతసేపు నా తలని ఎవరూ, నేను కూడా, ప్రేమగా ముట్టుకోలేదు.

ఈ పద్ధతి, 'బిగ్ చాప్', 'ట్రాన్సిషన్' లాంటి మాటలు, నాకు అందింది నల్లజాతి స్త్రీల నుంచి. వాళ్ళ చరిత్రతో నా నొక్కుల జుట్టుని పోల్చుకుంటే అన్యాయం. నాకు నానమ్మ సణుగుడు, టీచరు వెక్కిరింత. వాళ్ళకి బానిసత్వపు నీడ, పోయే ఉద్యోగాలు. పుట్టిన జుట్టుతో ఉద్యోగానికి వెళ్తే వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియాలో చట్టం చేయాల్సి వచ్చింది. 2022లో అమెరికాలో దాదాపు 34 వేల మంది స్త్రీలని అనుసరించిన అధ్యయనంలో, జుట్టు సాపు చేసే మందులు తరచూ వాడినవాళ్ళలో 70 ఏళ్ళ లోపు గర్భాశయ కేన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతమని, వాడనివాళ్ళలో 1.64 శాతమని అంచనా వేశారు. సంబంధం కనబడిందే గానీ అదే కారణమని తేలలేదు. ఆ మందులు ఎక్కువగా వాడింది నల్లజాతి స్త్రీలే. అయినా బెల్ హుక్స్ 1988లో జుట్టు సాపు చేసుకోవడం గురించి రాసిన వ్యాసంలో ఆ పనిని తిట్టి ఊరుకోలేదు. తెల్లవాళ్ళ అందాన్ని తల మీద మోయడమే అది అంటూనే, వంటింట్లో ఆడవాళ్ళంతా చేరి ఒకరి తల ఒకరు చూసుకునే ఆ సాన్నిహిత్యాన్ని కూడా తలుచుకుంది. అది చదివినప్పుడు నాకు మా వెనక అరుగు కనబడింది. బాధ పెట్టిన చేతులే ప్రేమించిన చేతులు కూడా అయితే, ఆ లెక్క ఎలా తేల్చాలి?

2021 చివర్లో నాన్నగారికి బైపాస్ చేశారు. ఆపరేషన్ థియేటర్ బయట అమ్మ మొక్కుకుంది, ఆయన బతికి బయటపడితే ద్వారకా తిరుమలలో తలనీలాలిస్తానని. మాకు చిన్నతిరుపతి దగ్గర. మా ఇళ్ళల్లో ముత్తయిదువులు మూడు కత్తెర్లు ఇస్తారు, అంతే. దొడ్డమ్మ అదే చెప్పింది, "మూడు కత్తెర్లు ఇస్తే చాలే, స్వామి ఏమీ అనుకోడు" అని. అమ్మ వినలేదు. "పూర్తిగా ఇస్తానని అనుకున్నాను. పూర్తిగానే ఇస్తాను."

నేను ఉండబట్టలేకపోయాను. అమ్మమ్మ వాళ్ళ అమ్మకి పద్దెనిమిదో ఏట మొగుడు పోతే జుట్టు తీయించారు. ముసుగు కింద ఆ బోడితలని అమ్మ చిన్నప్పుడు చూసింది, నాకు చెప్పింది కూడా. వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో, గోదావరికి అవతలి ఒడ్డున రాజమండ్రిలో. అక్కడికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క నదే. దాన్ని దాటడానికి మా ఇంటికి రెండు తరాలు పట్టింది. వైధవ్యంలో జుట్టు తీసిన ధర్మమే, వైధవ్యం రాకుండా జుట్టు అడుగుతోందని, మొగుడి ప్రాణానికి పెళ్ళాం తలని జామీను పెట్టించుకోవడమేనని అమ్మకి ఉపన్యాసం ఇచ్చాను. బాగానే మాట్లాడాననుకుంటాను, క్లాసులో అయితే నోట్సు రాసుకునేవాళ్ళు. అమ్మ అంతా విని అంది: "నీ జుట్టు నీ ఇష్టం. నా జుట్టు నా ఇష్టం కాదూ?"

నాకు నోట మాట రాలేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఇష్టమే కొలత అయితే అమ్మ నాకంటే స్వేచ్ఛగా ప్రవర్తించింది. నాది లాక్‌డౌన్ చేసిన పని, చుట్టూ నొక్కుల జుట్టు ఫ్యాషన్ అవుతున్న రోజుల్లో. ఆవిడ అక్కగారిని కాదని, కూతుర్ని కాదని, ఇరుగుపొరుగు ఏమంటారో తెలిసీ వెళ్ళి కూర్చుంది. ఆవిడది భ్రమ, నాది చైతన్యం అనడానికి నాకు మొహం చెల్లలేదు. అలాగని ఇష్టపడి చేసింది కాబట్టి ప్రశ్నించకూడదని కూడా ఒప్పుకోలేను. చివరికి నాకు తోచింది ఇది. నేను నిలదీయాల్సింది అమ్మని కాదు, అమ్మ చేసుకున్న ఒప్పందంలోని రేటుని. ఎందుకంటే చిన్నతిరుపతిలో ఆ రోజు నాన్నగారు కూడా గుండు చేయించుకున్నారు. తిరిగొచ్చాక ఆయన గుండు ఎవరి కంటికీ ఆనలేదు. "ఎండకి చల్లగా ఉంటుంది మాస్టారూ" అన్నారు. అమ్మ పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే మాత్రం ఎదురింటివాళ్ళ చూపు ముందు తల మీదికీ, వెంటనే మెడలో మంగళసూత్రం మీదికీ దిగింది. ఇద్దరూ ఇచ్చింది జుట్టే. ఖరీదు ఒకటి కాదు.

ఆ జుట్టు ఏమైందని కూడా ఆలోచించాను. గుళ్ళలో పోగైన తలనీలాలు వేలానికి వెళ్తాయి. పెద్ద తిరుపతికైతే దాని మీద ఏడాదికి వంద కోట్లు దాటే ఆదాయం. మా పక్కనే ఏలూరులో వెంట్రుకలు శుద్ధి చేసి విదేశాలకి పంపే కంపెనీలున్నాయి. మా వీధిలో ఒకావిడ పెళ్ళికి ముందు అక్కడ పనిచేసింది. కడిగి, ఆరబెట్టి, నిలువు మేకుల పలక మీద దువ్వి, కుదుళ్ళన్నీ ఒక వైపుకి వచ్చేలా పేర్చి, పొడవుని బట్టి కట్టలు కట్టడం. దువ్వెనకి వచ్చిన చిక్కు జుట్టయితే సూదితో ఒక్కో వెంట్రుకా విడదీయాలి. "మెడలు పడిపోయేవి. ఇంటికొచ్చి నా తల దువ్వుకోబుద్ధయ్యేది కాదు" అంది. మా చిన్నప్పుడు గోడ సందులో దాచిన ఉండలకి స్టీలు గిన్నెలిచ్చి, సవరాలు కట్టిపెట్టే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు గుర్తుందా? అదే వ్యాపారం, సముద్రాలు దాటింది. ఆ కట్టలు విగ్గులై, సవరాలై చేరేవాళ్ళలో నల్లజాతి స్త్రీలున్నారని 2009లో వచ్చిన 'గుడ్ హెయిర్' డాక్యుమెంటరీ చూపించింది. వాళ్ళు దాన్ని వదిలించుకుని తమ జుట్టుకి తిరిగి రావడానికి కనిపెట్టిన పద్ధతిని నేను తణుకులో నేర్చుకుంటున్నాను. ఆ సవరాల మీదా 'నేచురల్' అనే రాసి ఉంటుంది.

ఇంత వ్యాపారంలో ఆ జుట్టిచ్చిన మనిషి మనసులో ఏముందని అడిగినవాళ్ళు, నాకు తెలిసి, ఒక్కళ్ళే. అదీ ఆవిడ కోసం కాదు. 2004లో సంప్రదాయ యూదు మతగురువులు, తమ పెళ్ళయిన స్త్రీలు పెట్టుకునే విగ్గుల్లో తిరుపతి జుట్టు ఉందని తెలిసి, అది విగ్రహానికి చేసిన అర్పణా కాదా అని తర్కించారు. ఒక రబ్బీ తిరుపతి దాకా వచ్చి చూసి వెళ్ళాడు. అర్పణే అని తీర్పు వచ్చింది. బ్రూక్లిన్ వీధుల్లో విగ్గులు తగలబెట్టారు. మగవాళ్ళు కూర్చుని ఆడవాళ్ళ తలల గురించి చేసిన తీర్పే అది కూడా. అయినా జుట్టు కోసినప్పటి సంకల్పం జుట్టుతోనే ఉంటుందన్న వాళ్ళ పట్టుదల నన్ను ఆపి ఆలోచింపజేసింది. అమ్మ సంకల్పం ఇప్పుడు ఎవరి తల మీద ఉందో.

నాలుగు నెలలకి అమ్మకి రెండంగుళాల జుట్టు వచ్చింది. తెల్లగా, మెలికలు మెలికలుగా. నేను నిర్ఘాంతపోయాను. అరవై ఏళ్ళ పైబడి కొబ్బరినూనె కింద, బిగుతు జడ కింద ఆవిడ దాచిందో, ఆవిడకే తెలియదో గానీ, నా నొక్కులు ఆవిడవే. నానమ్మ నన్నన్న మాట అసలు ఎవరిని అన్నదో అప్పుడు అర్థమైంది.

ఆదివారాలు ఇద్దరం వెనక అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఈసారి నా మోకాళ్ళ మధ్య అమ్మ. అవిసె జిగురు పట్టిస్తే "ముక్కుచీమిడిలా ఉందే" అని ఇకిలించేది. ముడికి అందేటంత పెరిగిన రోజున మాత్రం, నేను బతిమాలుతున్నా వినకుండా, నూనె రాసి సాపుగా దువ్వి పిన్నులు బిగించేసుకుంది. కిందటి నెల నాన్నగారికి మళ్ళీ పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఆస్పత్రి బెంచీ మీద అమ్మ పెదాలు కదులుతున్నాయి. ఏం మొక్కుకుంటున్నావని అడగబోయి, అడగలేదు. లేచి వెళ్ళి రిపోర్టు వచ్చిందేమో కనుక్కుని వచ్చాను.